రెండు నిమిషాల నలభై ఒక్క సెకన్ల దగ్గర

ఆ పాటను నాలుగు వందల సార్లు విన్నాను.
ఒక్కసారీ వినలేదు.

షోవా యాభై నాలుగు. హమమత్సు అవతల
రికార్డులు అచ్చొత్తే ఫ్యాక్టరీలో నాది చివరి గది.
చేతులకు తెల్లటి నూలు తొడుగులు, చెవులకు హెడ్‌ఫోన్లు,
వాలుగా పడే ఒక దీపం.
ప్రతి నూరింటిలో ఒకటి నా బల్ల మీదికి వచ్చేది
ఇంకా వేడి ఆరకుండా,
పెనం మీంచి అప్పుడే దించిన అట్టులా.

దానికి పేరుండేది కాదు. తెల్ల కాగితం, ఒక అంకె:
ఆరువేల రెండువందల పదిహేడు.
నాకు జీతమిచ్చింది పాట వినడానికి కాదు,
పాటలో పాట కానిదాన్ని పట్టుకోవడానికి.
చిటపట, గరగర, సూది ఉలికిపాటు.
బియ్యంలో రాళ్ళేరే చేతికి
అన్నం రుచి ఏం తెలుస్తుంది?

అయినా, దాని నెమ్మది తెలిసేది.
మిగతా పాటలు తలుపు తోసుకుని వచ్చేవి.
ఇది చెప్పులు విప్పి, గుమ్మం దగ్గర జతగా సర్ది,
అప్పుడు లోపలికొచ్చేది.
పియానో నాలుగు మెట్లు దిగి ఆగుతుంది.
వెనకాలే బేస్ గిటార్, తొందరలేని పెద్దమనిషిలా.
వయొలిన్లు రెండో చరణం దాకా నోరెత్తవు.
ఆ అమ్మాయి ఏడవదు.
వానలో ఆఖరి బస్సు వెళ్ళిపోయిందని చెబుతుంది, అంతే,
రేపు చెత్తబండి రాదని
పక్కింటావిడతో చెప్పినట్టు.

పాట వచ్చిన మొదటి వారం, మంగళవారం,
రెండు నిమిషాల నలభై ఒక్క సెకన్ల దగ్గర
సన్నగా, బుస్సుమని ఏదో.
ఎర్ర పెన్సిలు తీశాను.
ఇంకో ప్రతి. అక్కడే. ఇంకోటి. అక్కడే.
అచ్చు లోపం, అని రాశాను.
మూడు వందల రికార్డుల్ని
నడుమ కాగితం ఊడబీకి మర పళ్ళకిచ్చారు.

సాయంత్రం ఫోర్‌మన్ కురమొచి
నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
తిట్టలేదు.
"ఇసోబె గారూ, అది ఊపిరి," అన్నాడు.

ఆఖరి పల్లవి ఎత్తుకోబోతూ
ఆ పిల్ల తీసుకున్న ఊపిరి.

ఆ నల్లటి పొడే మర్నాడు కరిగి
బడిపిల్లల కసరత్తు రికార్డులయింది.
ఎక్కడో ఆటస్థలంలో ఒకటీ రెండూ మూడని
పిల్లలు చేతులెత్తుతుంటే
ఆ లెక్క కింద ఆమె కూడా తిరుగుతూ ఉండి ఉంటుంది.

ఇవాళ తొయొహషిలో, ట్రామ్ స్టాపు పక్కన,
జోళ్ళు బాగుచేసే కొట్లో
ఒంటికాలి జోడుతో కూర్చున్నాను.
బయట చినుకు. అర మీద రేడియో.
పియానో నాలుగు మెట్లు దిగింది.

నా చెయ్యి జేబులో పెన్సిలు కోసం వెతికింది, పాపం.
లేదని తెలిసి ఊరుకుంది.
తప్పులు అక్కర్లేకుండా
మొట్టమొదటిసారి విన్నాను.
వయొలిన్లు వచ్చేసరికి
అరవై ఏడేళ్ళ మోకాళ్ళు కూడా కాస్త మెత్తబడ్డాయి.
ఇంత మంచి పాటా ఇది?
ఇంతకాలం నా చెవుల్లోనే ఉండి
ఒక్క మాటైనా చెప్పలేదే.

ఆ చోటు కోసం ఎదురుచూశాను,
స్టేషన్లో మనిషి కోసం చూసినట్టు.
రెండు నిమిషాల నలభై ఒకటి.

ఏమీ లేదు. తోమి బోర్లించిన పళ్ళెం.

కొత్తగా శుభ్రం చేసిన ప్రతి కాబోలు.
ఎవరో, నాలాగే ఒక గదిలో, నాలాగే శ్రద్ధగా,
మరక అనుకుని తుడిచేశారు.
వాళ్ళకో కురమొచి దొరకలేదు.

నాకు తెలియకుండానే
గాలి పీల్చాను, గట్టిగా, నోటితో.
పల్లవి దాని మీంచి లేచింది.

జోళ్ళాయన తలెత్తి చూశాడు.
రేడియోలో పాడినామె పేరు చెప్పబోతుంటే
ట్రామ్ వచ్చింది. పేరు చక్రాల కింద పోయింది.
అడగలేదు.
"ఎడమదానికీ మడమ వేసెయ్యమంటారా?"
వెయ్యమన్నాను. ఎలాగూ
వాన ఇంకా తగ్గలేదు.